నమాజు వేళ టోపీ దొర

2002 జనవరి 19, శనివారం. సౌదీలోని జుబైల్‌లో మా కంపెనీ క్యాంపు మెస్‌లో ఆ మధ్యాహ్నం నేను తిన్నది ఖుబ్బూస్ రొట్టె, పాలకూర పప్పు, గదిలోంచి చిన్న సీసాలో తెచ్చుకున్న ఉసిరికాయ పచ్చడి. సగం తినేసరికి బాబ్జాన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు. ఆ చొక్కా మడిచి గురవయ్య తల కింద పెట్టి వచ్చాడని తర్వాత తెలిసింది. చలిగాలికి వణుకుతూ కూడా ఆ సంగతి అతను చెప్పలేదు.

"సార్, గురవయ్య ట్యాంకులో పడిపాయె. బయటికి లాగినాం. ఊపిరుండాది. ఆస్పత్రిలో ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు గావల్ల. బిర్నా రాండి."

చేయి కడుక్కోకుండానే వెళ్ళాను.

గురవయ్యది రాయచోటి దగ్గర పల్లె. బాబ్జాన్‌ది రాయచోటే. ఇద్దరూ ఒకే విమానంలో వచ్చారు, ఒకే గదిలో ఉంటారు, షట్‌డౌన్ పనుల్లో హెల్పర్లు. షట్‌డౌన్ అంటే ఫ్యాక్టరీని కొన్నాళ్ళు ఆపి, ట్యాంకులూ పైపులూ విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించడం. ట్యాంకులో నిప్పు పుట్టకుండా నైట్రోజన్ నింపి ఉంచుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. గొట్టంతో గాలి అందే మాస్కు పెట్టుకోకుండా లోపల తల పెడితే రెండు మూడు ఊపిళ్ళలో మనిషి పడిపోతాడు. గురవయ్య ట్యాంకు మూతి దాకా మాస్కుతోనే వెళ్ళాడు. అక్కడ దాన్ని తీశాడు. మూతి చుట్టూ ఉన్న బోల్టుల్లో ఒకదానికి పట్టీతో తగిలించాడు. దాని మీద హెల్మెట్ బోర్లించాడు. అప్పుడు లోపలికి దిగాడు. లైటు పట్టుకొని వెనకే వచ్చిన బాబ్జాన్ అదే మాస్కు పెట్టుకొని దిగి అతన్ని లాగాడు.

బతికాడు. కుడి చేయి వణుకుతుంది. గోడ పట్టుకుంటే తప్ప అడుగు పడదు. పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి ఉండదు. భార్య మునిరత్నమ్మ పేరు గుర్తుంది. పిల్లల పేర్లు అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

నేను డాక్యుమెంట్ సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి. ప్రమాదం మీద రిపోర్టు టైపు చేసింది నేనే. "శిక్షణ పొందిన కార్మికుడు, ప్రమాదమని తెలిసి కూడా, మాస్కు తీసివేశాడు" అని అందులో ఒక వాక్యం. బందరులో బి.ఏ. చదివినప్పటి నుంచీ ఎవరో చెప్పిన వాక్యాలు టైపు చేయడమే నా బతుకు. ఎంత చెడ్డ వాక్యానికైనా వేళ్ళు ఆగేవి కావు. ఆ రోజు 'తెలిసి కూడా' దగ్గర ఆగాయి. తెలిసి ఎవరు దిగుతారు? ముగ్గురు పిల్లల తండ్రి, నెలనెలా ఫోన్ కార్డు కొని ఆ ముగ్గురితో వంతులవారీగా మాట్లాడేవాడు, తెలిసి దిగుతాడా?

ఆ సాయంత్రమే వాళ్ళ గదికి వెళ్ళాను. ఆరు మంచాలు. గురవయ్య మంచం మీద ఎవరో దుప్పటి నలగకుండా పరిచి ఉంచారు.

"మాస్కు బోల్టుకు ఎందుకు తగిలించాడు, మీకేమైనా తెలుసా?" అని అడిగాను.

చెంగల్రాయుడని, రాజంపేట వాడు, నన్ను వింతగా చూశాడు. "అదేంది సార్, అట్లనే గదా తగిలించాల్సింది? టోపీ దొర తగిలించల్యా?"

"టోపీ దొరెవరు?"

గది మొత్తం ఒక్కసారి నవ్వింది. ప్రమాదం జరిగిన తర్వాత ఆ గదిలో నవ్వు అదే మొదటిదేమో. చెంగల్రాయుడు లేచి కింది పెదవి ముందుకు చాపాడు. పొట్ట ఊపుకుంటూ నాలుగడుగులు నడిచాడు. ముఖం మీది నుంచి లేని మాస్కు లాగి, చెమట తుడుచుకొని, గోడ మేకుకు తగిలించాడు. తన టోపీ తీసి దాని మీద పెట్టాడు. పసిపిల్ల బుగ్గ మీద తట్టినట్టు దాన్ని రెండుసార్లు తట్టాడు. రెండు మంచాల సందులోకి దూరి, ఒక క్షణం ఆగి, తాగినవాడిలా తూలుతూ డ్యాన్సు చేసుకుంటూ బయటికొచ్చాడు. గదిలో చప్పట్లు.

"సేఫ్టీ సినిమా సార్. మాకు రొండు తూర్లు ఏసినారు. ఆ ముసిలోడు ఉండాడు సూడు, కడుపులు పగలాల్సిందే."

"అందులో ఏం చెప్తాడు?"

"చెప్పేకి సౌండ్ యాడుంటాది సార్? నమాజు టైం గదా."

అప్పుడు విషయం బయటపడింది. మధ్యాహ్నం నమాజుకి పని ఆగుతుంది. ముస్లింలు ప్రార్థనకు వెళ్తారు. మిగతావాళ్ళు ఊరికే కూర్చుంటారు. ఆ కూర్చునే సమయంలోనే వాళ్ళకు ట్రైనింగ్ అయిపోతే పనిగంటలు పోవు కదా అని కంపెనీ లెక్క. ట్రైనింగ్ గదికీ ప్రార్థన గదికీ మధ్య పలుచటి ప్లైవుడ్ గోడ. అవతల నమాజు జరుగుతుంటే ఇవతల సినిమా మోత బాగుండదని సౌండ్ తీసేసేవారు. సినిమా పెద్దది, నమాజు విరామం చిన్నది. ముందు సగంలో హాస్యగాడు చేయకూడని పనులన్నీ చేస్తాడు. తర్వాత సగంలో గంభీరమైన మనిషొకడు వచ్చి చేయాల్సిన పద్ధతి చూపిస్తాడు. ఆ గంభీరమైన మనిషి తెర మీదికి వచ్చేలోగా నమాజు అయిపోయేది, టీవీ ఆపేసి పనికి తోలేవారు.

"మాస్కూ టోపీ బయట తగిలిస్తే లోపల మనిషుండాడని గుర్తు సార్," అన్నాడు చెంగల్రాయుడు, నాకు నేర్పుతున్నట్టు. "ఇంకోడొచ్చి మూత బిగించకుండా."

మాట లేని బొమ్మకు ఈ మనుషులు తమలో తాము ఒక అర్థం అల్లుకున్నారు. ఎంత తెలివైన అర్థం! దాన్ని నమ్మి గురవయ్య దిగాడు.

బాబ్జాన్ ఒక్కడే నవ్వలేదు. "మేం నమాజుకు పోతాం గదా సార్, మాకు సాయంత్రం ఏసినారు. సౌండు పెట్టినారు, ఉర్దూలో చెప్పేటోడు కూడా ఉన్న్యాడు. అది చెయ్యగూడని పని అని నాకు తెల్సు. ఈళ్ళు ఊరికే నవ్వుకుంటా ఉండారనుకున్న్యా. ఈళ్ళకు తెల్దని నాకెట్ల తెల్సు సార్?"

అతని భుజం మీద చేయి వేశాను.

మర్నాడు సేఫ్టీ మేనేజర్ శాంసన్ గదికి వెళ్ళాను. భీమిలి అబ్బాయి, నాకంటే పదేళ్ళు చిన్న. నా భార్య ఎస్తేరు ఇక్కడి ఆస్పత్రిలో నర్సుగా ఉన్న రోజుల్లో మా ఇంట్లో ఎన్నోసార్లు భోజనం చేశాడు. మూడేళ్ళ కిందట ఆమె పోయినప్పుడు శవాన్ని ఇండియా పంపే కాగితాలన్నీ తిరిగి పూర్తి చేసింది ఇతనే. అది నేనెప్పుడూ మరవను. అందుకే మెల్లగా మాట్లాడదామని వెళ్ళాను. అంతా విన్నాడు.

"రిపోర్ట్ క్లోజ్ అయిపోయిందండి అన్నయ్యా."

"తెరవొచ్చు కదా."

"ప్రొడక్షన్ అవర్స్ పోకుండా ట్రైనింగ్ ఇవ్వమన్నారు, ఇచ్చాను. పక్కన ప్రేయర్ అవుతుంటే సౌండ్ పెట్టమంటారా? రెస్పెక్ట్ ఉండాలి కదండి."

"ఉండాలి. సినిమా ఇంకో వేళ వెయ్యాలి."

"అదంతా మేనేజ్‌మెంట్ డెసిషన్." కాసేపు బల్ల మీది పెన్నులు సర్దాడు. "మీకో విషయం చెప్పాలి. సేఫ్టీ డేకి ఆయన వస్తున్నాడు, ఆ సినిమాలో యాక్టరు. హాబ్లీ అని, లండన్ నుంచి. వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా మీరే ఆయన పక్కన ఉండాలి. స్టేజి మీద ఆ ట్యాంకు సీన్ లైవ్‌గా చేస్తాడు. అవ్వగానే గురవయ్యని తీసుకొస్తాం. 'తప్పు నాదే, మీరెవరూ ఇలా చెయ్యొద్దు' అని ఒక్క లైన్ చెప్తాడు. మీరు మైకులో ఇంగ్లీషులో, హిందీలో చెప్తారు. వెరీ పవర్‌ఫుల్ అన్నయ్యా."

"ఆ పిచ్చి వేషం పక్కన నిలబెట్టి ఇతనితో చెప్పిస్తావా?"

"నిలబడలేడు కదా, వీల్ చైర్ ఉంది."

నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నేనతనికి హెల్పే చేస్తున్నాను. ఆ మాట చెప్తే వారంలో పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తాం. చెప్పకపోతే ఎంక్వయిరీ మళ్ళీ తెరిచి పెండింగ్ అంటారు. పెండింగ్‌లో ఉన్నంతకాలం ఎగ్జిట్ రాదు. పెళ్ళాం పిల్లల దగ్గరికి వెళ్ళొద్దా అతను? మీరే నేర్పండి ఆ లైన్. మీరంటే వింటాడు."

తలుపు గట్టిగా వేసి బయటికొచ్చాను. యాభై రెండేళ్ళలో నేను తలుపు అలా వేయడం అదే మొదలు. గడియ ఊడి చేతిలోకి వచ్చింది. ఆఫీస్ ప్యూన్, కేరళ ముసలాయన, ఏమీ అడగకుండా దాన్ని నా చేతిలోంచి తీసుకొని జేబులో వేసుకున్నాడు.

విల్‌ఫ్రెడ్ హాబ్లీని దమ్మామ్ విమానాశ్రయంలో చూశాను. డెబ్బై దాటిన మనిషి. పొట్టివాడు, పెద్ద చెవులు, చేతిలో కర్ర. దూరం నుంచి చూస్తే కుటుంబంలో ఎవరో పోయినవాడిలా ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళి పేరు చెప్పగానే కింది పెదవి ముందుకు వచ్చింది, కర్ర చేతిలోంచి జారింది, దాన్ని పట్టుకోబోయి టోపీ జారింది. చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. అతని కళ్ళు మాత్రం ఎంతమంది నవ్వారో చూసుకుంటున్నాయి.

జుబైల్ దాకా కార్లో తన కథ చెప్పుకుంటూ వచ్చాడు. పదిహేడో ఏట సముద్రపుటొడ్డున ఒక ఊళ్ళో, వేసవి సెలవులకు వచ్చేవాళ్ళ కోసం ఆడే నాటకాల్లో చేరాడట. ముఖాన క్రీము పూయించుకోవడం మొదటి వేషం. తర్వాత సినిమాలు. చెరువులో పడే పోలీసు, ప్యాంటు జారే సిపాయి, సూపు ఒలకబోసే బట్లరు, పెళ్ళిలో నిద్రపోయే పాస్టరు. ఏ సినిమాలోనూ హీరో పక్కన నిలబడి సీను పూర్తి చేయలేదు. హీరో నడిచి వెళ్ళిపోతాడు, తను బురదలో ఉండిపోతాడు. టీవీలో ఒక హోటల్ పోర్టరు వేషం ఏడేళ్ళు నడిచింది. వీధిలో పిల్లలు వెంటపడేవారు. ఆ తర్వాత జనం వేరే రకం హాస్యానికి మళ్ళారు. ఫోన్ మోగడం ఆగిపోయింది. భార్య వెళ్ళిపోయింది.

"అప్పుడు ఫ్యాక్టరీల కోసం సినిమాలు తీసేవాడొకడు వచ్చాడు," అన్నాడు. "నిచ్చెన, యాసిడ్, కరెంటు, ట్యాంకు. అన్నిట్లోనూ చచ్చేవాణ్ణి నేనే. బుద్ధిమంతుడి వేషానికి నాకంటే తక్కువ ఇచ్చేవారు, తెలుసా? బుద్ధిమంతుడు ఎవడైనా చేస్తాడు."

"మీ మాటలు రాసిందెవరు?"

"మాటలా? నా వేషానికి మాటలెందుకు? చివరి వరసలో చెవిటివాడు కూర్చున్నా అర్థం కావాలి. అదే నా వృత్తి. బుద్ధి చెప్పే మాటలు వెనక నుంచి ఇంకెవడో చదివేవాడు."

"అర్థమైంది," అన్నాను. "చాలా బాగా అర్థమైంది." ప్లైవుడ్ గోడ, నమాజు, సగంలో ఆగే సినిమా, బోల్టుకు తగిలించిన మాస్కు, అన్నీ వరసగా చెప్పాను. మాట ఎక్కడా తడబడకుండా చెప్పాననే గుర్తు.

బయటికి చూశాడు. ఇసుక, పైపులు, దూరంగా మంటలు ఎగజిమ్మే గొట్టాలు.

"నిజంగా నవ్వారా?" అని అడిగాడు. "సౌండ్ లేకుండానే? ఎక్కడెక్కడ నవ్వారు?"

ముందు సీటును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. డ్రైవరు పెషావర్ వాడు, ఇంగ్లీషు రాదు. అయినా అద్దంలో నన్ను చూసి, పక్కనున్న నీళ్ళ సీసా తీసి వెనక్కి అందించాడు. తాగాను. తాగకపోతే ఆ ముసలివాణ్ణి ఏమనేవాణ్ణో.

మర్నాడు అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. చూడాలని అతను అడగలేదు. నేనే లాక్కెళ్ళాను. వార్డులో జెస్సీ గురవయ్య గోళ్ళు కత్తిరిస్తోంది. కాకినాడ పిల్ల, ఎస్తేరు దగ్గర పని నేర్చుకుంది. గోళ్ళు కత్తిరించడం ఆమె డ్యూటీ కాదు. వణికే చేతికి గోళ్ళు పెరిగితే ముఖం గీరుకుంటాడని చేస్తోంది.

పొద్దున తిన్నదేమిటో గుర్తులేని గురవయ్య, హాబ్లీని చూడగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"టోపీ దొరా! ఏం సార్, టోపీ దొర గదా ఈయన! నన్ను జూసేకి వచ్చినాడా?"

మెడ మీది తువ్వాలు తీశాడు. కుడి చేయి వణుకుతుంటే ఎడమ చేత్తో పట్టుకొని, ఆ తువ్వాలును సెలైన్ స్టాండు కొక్కేనికి తగిలించాడు. మందుల బల్ల మీది స్టీలు గ్లాసు తీసి దాని మీద బోర్లించాడు. గ్లాసు జారబోతే జెస్సీ పట్టుకుంది. అప్పుడు రెండుసార్లు, పసిపిల్ల బుగ్గ మీద తట్టినట్టు, తువ్వాలును తట్టి, దొరవైపు చూసి నవ్వాడు. మెచ్చుకుంటాడని.

హాబ్లీ కర్ర మీద బరువు మోపి నిలబడ్డాడు.

"ఆ తట్టడం," అన్నాడు మెల్లగా. "అది స్క్రిప్టులో లేదు. షూటింగ్ రోజు నాకే తోచింది. అచ్చం అలాగే చేశాడు."

అంతే అన్నాడు. క్షమించమని అనలేదు, అయ్యో అని కూడా అనలేదు. 

"అంకుల్," అంది జెస్సీ నా చెవి దగ్గర, "ఆ పిడికిలి వదలండి. పేషెంటు చూస్తున్నాడు."

బయట వరండాలో అడిగాను, రేపు ఆ వేషం వెయ్యొద్దని. గురవయ్యతో ఏం చెప్పించబోతున్నారో కూడా చెప్పాను. కర్ర కొనతో నేల మీద గీతలు గీశాడు.

"ఇన్నేళ్ళలో ఇచ్చిన వేషం కాదన్న పాపాన పోలేదు. కాదంటే ఇంకొకడికి ఇస్తారు. వాడు నాకంటే పాడుగా చేస్తాడు." తలెత్తి, "నన్ను మళ్ళీ ఎవరు పిలుస్తారనుకున్నావు?" అన్నాడు.

జాలి పడాల్సిన మాటే. నా జాలి గురవయ్య ఉన్న గది దాటి బయటికి రాలేదు.

సాయంత్రం గురవయ్య పక్కన కూర్చున్నాను. ఇంటికి వెళ్ళాలంటే రేపు ఒక మాట చెప్పాలని నెమ్మదిగా చెప్పాను. "తప్పు నాదే" అని నేనన్నాను. "తప్పు నాదే" అని అతను పలికాడు, బడిపిల్లవాడిలా. తర్వాత నావైపు తిరిగి అడిగాడు, "ఏం తప్పు సార్?"

అతని దుప్పటి అంచు సర్దాను.

"నేనేం జేసినా సార్? ఎవుర్నన్నా కొట్టినానా?"

"లేదయ్యా. పడుకో." ఇక నేర్పలేదు. నేర్పనని శాంసన్‌కి చెప్పనూ లేదు.

సేఫ్టీ డే సభ గుడారంలో. ముందు వరసలో సోఫాలు, వాటిలో పెద్దలు. వెనక వందల మంది కార్మికులు కింద కూర్చున్నారు. స్టేజి మీద చెక్కతో చేసిన ట్యాంకు, దానికి గుండ్రటి మూతి, చుట్టూ బోల్టులు. స్టేజి పక్కన వీల్ చైర్లో గురవయ్య, కొత్త చొక్కా తొడిగారు, దాని మీద కంపెనీ గుర్తు. వెనక బాబ్జాన్ నిలబడ్డాడు. నేను మైకు దగ్గర.

శాంసన్ నా దగ్గరికి వచ్చి, "లైన్ వచ్చా అతనికి?" అన్నాడు.

"వచ్చు," అన్నాను. అబద్ధం కాదు. పలకడం వచ్చు.

హాబ్లీ స్టేజి ఎక్కాడు. కింది పెదవి ముందుకు చాపాడు, అంతే. గుడారం పేలిపోయింది. "టోపీ దొర! టోపీ దొర!" అని మనుషులు లేచి నిలబడ్డారు. అంత సంతోషం ఆ క్యాంపులో నేనెన్నడూ చూడలేదు. పొట్ట ఊపుతూ నడిచాడు. వందల మంది కూర్చున్నచోటే పొట్టలు ఊపారు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది గురవయ్య. నవ్వుకు వీల్ చైర్ కదులుతోంది. సోఫాల్లో పెద్దలు ఒకరినొకరు చూసి తలలూపుకుంటున్నారు, ఎంత మంచి కార్యక్రమమో అని.

హాబ్లీ మాస్కు తీసి పైకెత్తి చూపించాడు. ఎక్కడ తగిలించాలో వందల వేళ్ళు బోల్టును చూపించాయి.

మైకులో, "ఆగండి," అన్నాను. నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. "ఈ సినిమాలో ఒక మాట ఉంది. మీరు చూసినప్పుడు సౌండ్ తీసేశారు కాబట్టి మీరెవరూ అది వినలేదు. ఇప్పుడు వినండి. మాస్కు తీయకూడదు. తీస్తే చస్తారు. ఈయన చేసేదంతా చేయకూడని పని. చూపించేది అందుకే." అదే మళ్ళీ హిందీలో చెప్పాను.

కొందరు నేను కూడా హాస్యం ఆడుతున్నాననుకొని నవ్వారు. హాబ్లీ చేయి మాస్కుతో గాలిలో ఆగింది. నావైపు చూశాడు. అతని నవ్వు నేను చంపేశాను, ఇప్పుడు తిడతాడనుకున్నాను. అతను మాస్కును బోల్టుకు తగిలించాడు. తగిలించి, ఆగాడు. నాకోసం.

"అది గుర్తు కాదు," అన్నాను. "మూత బిగించకుండా చూడ్డానికి బయట ఒక మనిషి నిలబడి ఉండాలి. మాస్కు లోపలికి వెళ్ళేవాడి ముఖం మీదే ఉండాలి."

టోపీ తీసి దాని మీద పెట్టాడు. ఆగాడు. నేను చెప్పాను. నవ్వులు అక్కడొకటి ఇక్కడొకటి రాలి, ఆగిపోయాయి. శాంసన్ ఎవరికో సైగ చేశాడు, మైకు చచ్చిపోయింది. బందరు కాలేజీలో నాటకాలు ఆడినప్పటి గొంతు ఎక్కడ దాగి ఉందో, బయటికొచ్చింది. "లోపల గాలి ఉండదు! వాసన రాదు! మీకు తెలియదు! గురవయ్యకూ తెలియదు!" అని అరిచాను.

హాబ్లీ తట్టడానికి చేయెత్తాడు. తట్టలేదు. చేయి దించి చెక్క ట్యాంకులోకి దూరాడు. డ్యాన్సు చేసుకుంటూ వస్తాడని అందరూ ఎదురుచూశారు. మూతిలోంచి అతని బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. అవి కదల్లేదు.

చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు. నన్ను కాదు, సోఫాలవైపు చూసి అడిగాడు. "మల్ల ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు సార్? నోరు మూసి బొమ్మ సూపిస్తే మేమేమనుకోవల్ల?"

సోఫాల్లో ఎవరికీ తెలుగు రాదు. తెలుగు వచ్చిన ఒక్క శాంసన్ తల దించుకున్నాడు. చెంగల్రాయుడి చుట్టూ ఇంకా మనుషులు లేస్తున్నారు. ఆ గొడవలో బాబ్జాన్ ఎవరినీ అడగకుండా వీల్ చైర్ తిప్పి, గుడారం పక్క సందులోంచి గురవయ్యను బయటికి తీసుకుపోయాడు. "తప్పు నాదే" అనే మాట ఆ రోజు ఎవరూ అనలేదు.

హాబ్లీ ఆగింది దయతోనా, ఎదుటివాడి డైలాగు కోసం ఆగే పాత అలవాటుతోనా, నాకు తెలియదు. విమానాశ్రయంలో చేయి ఇస్తూ, "మొదటిసారి కాస్త ఆలస్యంగా అందుకున్నావు. తర్వాత బాగానే వచ్చింది," అన్నాడు. అతని టోపీ నిజంగానే కింద పడితే తీసి ఇచ్చాను.

మర్నాడు శాంసన్ నన్ను పిలిపించాడు. గడియ ఊడిన తలుపు అలాగే ఉంది.

"నా ఉద్యోగం తియ్యాలని ఎన్నాళ్ళనుంచి ప్లాన్ అండి మీకు? వదిన ఉంటే ఇలా చెయ్యనిచ్చేదా?"

"ఆమె ఉంటే నాకంటే ముందు అరిచేది. గురవయ్య ఎగ్జిట్ ఆపుతావా?"

అతను పళ్ళు బిగించి నవ్వాడు. ఆపలేరని అప్పుడర్థమైంది. ఆపాలంటే ఎంక్వయిరీ తెరవాలి, తెరిస్తే ప్లైవుడ్ గోడ దగ్గరికి వెళ్తుంది. జబ్బు కింద రాసి వెంటనే పంపేస్తున్నారు. తోడు బాబ్జాన్. నన్ను ఎక్కడో ఎడారి మధ్యనున్న బురైదా బ్రాంచికి మార్చారు. రిపోర్టులో ఆ వాక్యం మాత్రం మార్చలేదు. మార్చమని మూడు చోట్ల అడిగాను. 'తెలిసి కూడా' అనే ఆ రెండు మాటలు ఈ రోజుకీ ఎక్కడో ఫైల్లో ఉన్నాయి. తలుచుకున్నప్పుడల్లా నా చేయి పిడికిలి అవుతుంది, వదలమనడానికి పక్కన ఎవరూ ఉండరు.

వాళ్ళు బయల్దేరే ముందు రోజు చీకటి పడ్డాక వార్డుకు వెళ్ళాను. గురవయ్య సంచి సర్దేసి ఉంది. పిల్లలకని బాబ్జాన్ కొన్న మూడు గౌన్లు పైనే పెట్టారు, మాటిమాటికీ చూసుకోవచ్చని.

"సార్," అన్నాడు గురవయ్య, "నన్నేందో చెప్పమన్న్యారు గదా. నేను చెప్పల్యా?"

"చెప్పక్కర్లేదయ్యా."

"తప్పు నాదేనంట గదా?"

"కాదు. నీది కాదు."

తల ఊపాడు. గౌను అంచు వేళ్ళతో పట్టుకొని చూశాడు. కాసేపయ్యాక మళ్ళీ, "సార్, తప్పు నాదేనా?" అన్నాడు.

"నీది కాదు గురవయ్యా. నీకు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు."

మూడోసారి అడిగినప్పుడు నేను కిటికీ వైపు తిరిగాను. ఊళ్ళో ఇలాగే అడుగుతాడు. అక్కడ ఎవరో ఒకరు అవునంటారు. ఆ అవునే ఇతనిలో నిలిచిపోతే?

బాబ్జాన్ మంచం అవతలి నుంచి వంగాడు. "నీది గాదు రా. ఎన్ని తూర్లడిగినా నీది గాదనే చెప్తా. మునిరత్నమ్మక్క ముందర గూడా చెప్తా. ఇంక పండుకో."

"నువ్వు మా ఊర్లోనే ఉంటావా?"

"నెలనాళ్ళు సెలవిచ్చినారు. దినామూ వస్తాలే. అక్కకు గూడా నేర్పిస్తా, నేను ల్యాకున్న్యా ఆయమ్మ చెప్తాది."

గురవయ్య కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి మీద కుడి చేయి వణుకుతూ, వణుకుతూ, నిద్రతోపాటు నెమ్మదించింది. మేం వరండాలోకి వచ్చాం. జెస్సీ లోపలి దీపం తగ్గించి, గౌన్లున్న సంచిని అతని చేతికి అందేంత దగ్గరికి జరిపి, బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.